చప్పట్లు కొట్టిన చేతులు

ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు, ఆదివారం సాయంత్రం స్నేహితుడు రఘు నన్ను వైట్‌ఫీల్డ్‌లో ఓ చిన్న పబ్‌కి తీసుకెళ్లాడు. ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ వాయిస్తోంది. ఆ పాటలు ఎంతకీ అవ్వవు, మధ్యమధ్యలో తాళం మారిపోతుంటుంది. నాకా సంగతి తెలీదు. సినిమా పాటల కచేరీలో కొట్టినట్టు హుషారుగా చప్పట్లు అందుకున్నాను. ఎలా కొట్టినా తాళం తప్పుతోంది. ముందు కూర్చున్నవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. నాకు ఒళ్లు మండింది.

“ఆ డ్రమ్స్ వాడికి తాళమే రాదురా. ఇంట్లోవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుంటారేమో” అన్నాను రఘుతో, గట్టిగానే. వైట్‌ఫీల్డ్‌లో కూర్చుని, తెలుగు ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను!

పక్క బల్ల దగ్గర నిమ్మకాయ సోడా తాగుతున్న పెద్దావిడ నావైపు తిరిగింది.

“పెట్టుకుంటామప్పా. పొద్దస్తమానం అదే వాయింపు. వాడు మా కొడుకు.”

గబుక్కున లేచి “క్షమించండమ్మా” అన్నాను.

“ఉండనీప్పా. నాకూ ఏమీ అర్థం కాదు. అయినా ప్రతిసారీ వస్తా ఉండాను.”

పాటయ్యాక ఆ అబ్బాయి చెమట తుడుచుకుంటూ తల్లి దగ్గరికొచ్చాడు. నా మాటలు చెప్పేస్తుందనుకుని తల వంచుకున్నాను.

“చూడు నాయనా, ఈయప్ప మన తెలుగాయనే. నీ పాటకి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఈయనే.”

అతను సంబరపడిపోయి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాటిని వెనక్కి తీసుకునే ధైర్యం కూడా లేకపోయింది నాకు.