రాణీ రంగు నీళ్లు

నా చిన్నప్పుడు తాండూరులో మా వాడంతటికీ ఒకటే బావి, ఆ బావికి మా నాయనమ్మే కాపలా. ఎవరూ ఆమెను పెట్టలేదు, తనే పెట్టుకుంది. చెప్పులతో గట్టెక్కినా, కడగని బొక్కెన దించినా ఆమె గొంతు వాడ చివరిదాకా వినిపించేది. ఆమెకు లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదు. పాలు పోసేవాడిని, కూరగాయలు తూచేవాడిని, ఆఖరికి నవ్వుతూ పలకరించిన చుట్టాన్ని కూడా కిందికీ మీదికీ చూసిగానీ లోపలికి రమ్మనేది కాదు.

అలాంటి మనిషి కళ్లముందే ఒక ఏడాది బావి నీళ్లు తెల్లబడ్డాయి. బిందె అడుగున మడ్డి పేరుకునేది. బర్రెలు మూతి పెట్టి వెనక్కి తిరిగేవి. రోడ్డు దాటితే నాపబండలను నున్నగా చేసే పాలిష్ కార్ఖానా ఉంది. అక్కడి తెల్ల బురదనీళ్లను వెనకాల ఉన్న పాత గనిగుంతలోకి వదిలేవారు. ఆ నీళ్లే బండల సందుల్లోంచి మా బావిలోకి ఊరుతున్నాయని నాయనమ్మ తేల్చేసింది.

ఆ కార్ఖానా యజమాని ఒక వకీలు. పొద్దున రైలెక్కి వికారాబాద్ కోర్టుకు పోయేవాడు, సాయంత్రం దిగి కార్ఖానా చూసుకునేవాడు. పైగా మున్సిపాలిటీలో మా వార్డు మెంబరు. వాడలో ఏ తగువొచ్చినా ముందు ఆయన గుమ్మమే ఎక్కేవారు. ఇన్ని పనులున్న మనిషి ఏ మాట ఎవరి లాభం కోసం మాట్లాడతాడో ఎలా తెలుస్తుందని మా నాయనమ్మ అనుమానం. నిజం చెప్పాలంటే అందులో తప్పేమీ లేదు.

మా ఇంటికి ఇంకో చిక్కు కూడా ఉంది. మా బాపు ఆ కార్ఖానాలోనే మిషన్ మీద పనిచేసేవాడు. నాయనమ్మ మాట నిజమైతే కార్ఖానా ఆగుతుంది, దాంతోపాటే మా పొయ్యీ ఆరుతుంది. నిజం కాకపోతే బావి ఎందుకు పాడైందో ఎవరికీ తెలియదు, అది బాగుపడేదీ లేదు. తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. ఏం కావాలని కోరుకోవాలో తెలియక నేను ఇద్దరి మధ్యా తిరిగేదాన్ని.

ఒక సాయంత్రం స్టేషన్ నుంచి నడిచొస్తున్న వకీలును నాయనమ్మ నడిరోడ్డు మీద నిలదీసింది.

“మా బాయిల నీ బురద కలుస్తున్నది. కలుస్తలేదని నువ్వంటే నేను నమ్మ.”

ఆయన కోపగించుకోలేదు. నల్లకోటు విప్పి చేతిమీద వేసుకున్నాడు. “నన్ను నమ్మకు అవ్వా. నువ్వే రంగు తెచ్చి మా గుంతల కలుపు. బాయిల తేలితే తప్పు నాది, ఆ రోజే మిషన్లు బంద్ చేస్త,” అన్నాడు.

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే ఇందులో ఏదో మతలబు ఉందని నాయనమ్మకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తాండూరు దుకాణదారులంతా ఆయన మనుషులే అనుకుంది కాబోలు, మర్నాడు నన్ను వెంటేసుకుని రైల్లో వికారాబాద్ పోయింది. చీరలకు వేసే రంగుపొడి కొంది. మట్టి రంగని ఎవరూ బుకాయించడానికి వీల్లేకుండా ముదురు గులాబీ రాణీ రంగు ఏరుకుంది. తిరుగు రైలెక్కి చూస్తే ఎదుటి బల్లమీద వకీలే! నాయనమ్మ గభాలున సంచిని కొంగు కింద దాచింది.

“ఏం రంగు గొన్నవో నాకు చెప్పకు అవ్వా,” అని ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. తాండూరు వచ్చేదాకా మళ్లీ ఇటు చూడలేదు. ఆ మర్యాద కూడా నాటకమేనని ఇంటికొచ్చాక నాయనమ్మ అంది.

కార్ఖానా గుంతలో రంగు ఆమే కలిపింది, అందరూ చూస్తుండగా. ఇక ఆ రోజు నుంచి ఆమె మంచం బావి పక్కకు మారింది. అన్నం అక్కడే, కునుకు అక్కడే. వాడవాళ్లంతా స్టేషన్ దగ్గరి నల్లా నుంచి నీళ్లు మోసుకున్నారు. రోజులు గడుస్తున్నా బావి నీళ్లు తెల్లగానే వస్తుంటే కార్ఖానా వాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. బాపు మొహంలో కొంచెం వెలుగు వచ్చింది. నాయనమ్మ ఆ వెలుగును కూడా అనుమానించింది. తను కునుకు తీసినప్పుడు కొడుకే ఏమైనా చేస్తున్నాడేమోనని నన్ను కనిపెట్టి ఉండమంది. కన్నకొడుకు మీద కాపలా పెట్టిందని తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఒక తెల్లవారుజామున నాయనమ్మ కునుకు తీస్తుంటే బాపు మొదటి బొక్కెన తోడాడు. నేను గట్టు మీద కూర్చుని పళ్లు తోముకుంటున్నాను. ఆయన బొక్కెనలోకి వంగి చూశాడు. దోసిట్లోకి తీసుకుని చూశాడు. నీళ్లు గులాబీగా ఉన్నాయి. ఆ నీళ్లు పక్కన పారబోసి పనికి పోయి ఉంటే ఇంకో పూటైనా గడిచేది. బాపు నా వైపు చూశాడు, తర్వాత మంచం వైపు చూశాడు.

“అమ్మా, లే. రంగొచ్చింది,” అన్నాడు.

ఆ మాటతో ఆయన పని పోయిందని నాకు తెలుసు. భయమేసింది, ఏడుపొచ్చింది, ఆయన కాళ్లను చుట్టేసుకున్నాను. నాయనమ్మ బొక్కెన చూసి, కొడుకును చూసి, గెలిచిన మనిషిలా కాక ఏదో పోగొట్టుకున్నదానిలా గట్టు మీద కూలబడింది.

మధ్యాహ్నానికి మిషన్లు ఆగాయి. వకీలు బురదనీళ్లు తేరుకోవడానికి తొట్లు కట్టించడం మొదలుపెట్టి, ఊళ్లోని మిగతా కార్ఖానాలు కూడా కట్టాల్సిందేనని మున్సిపాలిటీలో పట్టుబట్టాడు. మిగతా యజమానులు ఊరుకుంటారా? ఓట్ల కోసం వకీలే బావిలో రంగు పోయించి నాటకమాడాడని ప్రచారం చేశారు. జనం నమ్మారు కూడా. తొట్లు లేకుండానే ఆయన కార్ఖానా కూడా మళ్లీ తిరగాలని కొందరు కూలీలే అడిగారు. బావి సంగతి అక్కడితో మునిగేలా ఉంది.

మున్సిపాలిటీ ఆఫీసు ముందు అందరూ పోగైన రోజు నాయనమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయింది. వకీలును తిట్టడానికే పోతోందని అందరూ దారిచ్చారు.

“రంగు కొన్నది నేను, కలిపింది నేను. బాయి కాడ పండుకున్నది నేను. తోడింది నా కొడుకు, తోడినందుకు వాని పని పోయింది. గీ వకీలు మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. నీళ్లు మాత్రం రంగుతోటి వచ్చినయి.”

వకీలంటే ఆమెకు ఎంత పడదో ఊరందరికీ తెలుసు, అందుకే ఆ మాట నమ్మారు. తొట్లు అన్ని కార్ఖానాల్లోనూ వచ్చాయి. కొన్ని వారాలు బాపు బషీరాబాద్ వైపు కంది చేలల్లో కూలికి పోయి మమ్మల్ని సాకాడు, తొట్లు పూర్తయ్యాక మళ్లీ మిషనెక్కాడు. రెండు వానాకాలాలు గడిచాక బావి తేటపడింది.

నాయనమ్మ మాత్రం చివరిదాకా ఒక ప్రశ్న విడిచిపెట్టలేదు. మిషన్లు ఆపిన మర్నాడే తొట్లకు సరిపడా బండలు కొలతల ప్రకారం కోసి సిద్ధంగా ఎలా ఉన్నాయి? అంటే ఆయనకు ముందే తెలుసన్నమాట. తెలిసీ, తను చెబితే ఎవరూ వినరని, తనను అందరికంటే ఎక్కువ అనుమానించే మనిషిని వెతికి సాక్షిగా నిలబెట్టాడన్నమాట. ఒకసారి ఆమె మొహం మీదే అడిగితే ఆయన నవ్వి, రైలుకు టైమైందని స్టేషన్ దారి పట్టాడు.

వకీలు పోయి చాలా ఏళ్లయింది. ఈ మధ్య మా వీధికి ఆయన పేరు పెడుతూ నన్ను మాట్లాడమన్నారు. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు ఆయన్ని దేవుణ్ని చేశారు. నేను రంగు సంగతీ చెప్పాను, ముందే కోసి ఉంచిన బండల సంగతీ చెప్పాను. ఆయన మనవడు మొహం గంటు పెట్టుకున్నాడు. పెట్టుకోనీ.

నాయనమ్మ అనుమానబుద్ధి నాకు పూర్తిగా వచ్చింది, దానికి కష్టపడనక్కర్లేకపోయింది. అనుమానించిన మనిషిలో మంచి కళ్లబడ్డప్పుడు, అనుమానం పోకుండానే, ఆ మంచిని చూశానని నలుగురి ముందు చెప్పడం మాత్రం నాకు ఈ వయసులోనూ కష్టమే. అయినా చెబుతాను.