సంతాప సభలో లేవని టీచరు

మా ప్రాంతాన్ని ఏలిన నాయకుడు పోయిన మర్నాడు ఏలూరులో బస్సెక్కేసరికి కండక్టరు కళ్లు వాచి ఉన్నాయి. తన కూతురి పెళ్లికి ఆయన స్వయంగా వచ్చి అక్షింతలు వేశాడని, అడగకపోయినా నాకు చెప్పాడు. వెనక సీట్లోంచి ఎవరో "పీడ వదిలింది" అన్నారు, అందరికీ వినబడేలాగే. కండక్టరు ఒకసారి అటు చూసి, టికెట్లు కొట్టుకుంటూ ముందుకు వెళ్లిపోయాడు.

అప్పుడు నేను కొల్లేరు అంచున ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. అక్కడికి రావడం ఆ నాయకుడి చలవే. మావారికి కిడ్నీలు పాడై, ఏలూరులో డయాలసిస్ మొదలయ్యేనాటికి నేను దూరాన ఏజెన్సీ కొండల్లో పనిచేస్తున్నాను. బదిలీ కోసం ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి ఆయన ఇంటికి వెళ్లాను. నేను ఎవరి తాలూకు అని కూడా అడగకుండా అక్కడికక్కడే ఫోన్ చేశాడు. నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. మావారు ఇంకో నాలుగేళ్లు నా చేతి అన్నం తిన్నారు.

మా సైన్సు టీచరుది బడి పక్క పేటే. చర్చి వెనక ఇల్లు. వాళ్ల అన్నయ్య, ఇంకొందరు కలిసి సాగు చేసుకునే, సర్కారు పేదలకిచ్చిన సొసైటీ భూమిని ఆ నాయకుడి మనుషులు పొక్లెయిన్లు పెట్టి చేపల చెరువుగా తవ్వేశారు. అడ్డం నిలబడినందుకు అన్నయ్యను కొట్టి, కేసు పెట్టించి, జైలుకి పంపారు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే, ఏళ్ల తరబడి ఆవిడతో ఒకే బల్ల దగ్గర క్యారేజీ విప్పుకున్నాను. ఆ నాయకుడి మాట మాత్రం మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు పార్టీవాళ్లు ఇద్దరు ఫోటో, దండ పట్టుకుని బడికి వచ్చారు. హెడ్మాస్టరుగారు పిల్లల్ని షెడ్డులో కూర్చోబెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి, రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. అందరం లేచాం. సైన్సు టీచరు లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, తల దించకుండా కూర్చుంది.

పిల్లలు క్లాసులకి వెళ్లాక, వచ్చినవాళ్లలో చిన్నవాడు ఆవిడ ముందుకు వచ్చి, "లేవలేదేంటండీ?" అన్నాడు.

నేను చప్పున మధ్యలోకి వచ్చి, "ఆవిడకి మోకాళ్ల నొప్పులండీ" అనేశాను.

"నాకు నొప్పులేం లేవండీ" అంది ఆవిడ, గొంతు పెంచకుండానే. "లేచి నిలబడితే ఇంటికెళ్లి మా అన్నయ్య మొహం చూడలేను. అందుకని లేవలేదు."

చిన్నవాడు ఏదో అనబోయాడు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. పొక్లెయిన్లు వచ్చిన రోజున గట్టు మీద నిలబడి తవ్వించినవాళ్లలో ఆయనా ఒకడని నాకు తర్వాత తెలిసింది. ఆవిడ వైపు చూడకుండానే, ఇంకా రెండు బళ్లకి వెళ్లాలి పదమని అతన్ని తీసుకుపోయాడు.

ఆవిడ కోసం అబద్ధమాడితే అందరి ముందూ నన్ను తీసిపారేసిందని నాకు ఉక్రోషం వచ్చింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. ఆవిడే వచ్చి పక్కన కూర్చుంది. అప్పుడు చెప్పాను, నా బదిలీ ఎవరు చేయించారో.

ఆవిడ తన క్యారేజీ మూత తీసి పక్కన పెట్టింది. తర్వాత, "మీకు చేసింది మేలేనండీ. మీరు ఏడిస్తే నాకు కోపం లేదు. నన్ను మాత్రం మోకాళ్ల నొప్పుల మనిషిని చెయ్యకండి" అంది.

నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఆయన కోసమో మావారి కోసమో నాకే తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే ఒక పూట సెలవు పెట్టి చివరిచూపుకి ఏలూరు వెళ్లాను. నా పదో తరగతి పీరియడ్ ఆవిడే తీసుకుంది. ఎండలో రెండు గంటలు లైనులో నిలబడ్డాను. అద్దాల పెట్టెలో ఆ మనిషి చాలా చిన్నగా కనిపించాడు. దణ్ణం పెడుతుంటే, నేనెన్నడూ చూడని ఆ అన్నయ్య గుర్తొచ్చాడు. చేతులు దించేశాను.

మర్నాడు ఆవిడ, "చూశారా అండీ?" అని అడిగింది.

చూశానన్నాను. జనం బాగా వచ్చారా అంది. వచ్చారన్నాను. ఆ తర్వాత ఇద్దరం యూనిట్ పరీక్ష పేపర్లు ముందేసుకుని దిద్దుకుంటూ కూర్చున్నాం.