మఖ్మల్ గౌను లోపలివైపు

ఒమాన్‌లోని ఈ సలాలాలో ఖరీఫ్ అనే వానకాలం మొదలైందంటే కొండల మీది మబ్బు దిగి వచ్చి మా దుకాణం గుమ్మంలో నిలబడుతుంది. దాన్ని చినుకు అనలేం, మంచు అనలేం. ముఖం మీద పడ్డాక కానీ తెలియని తడి అది. నిన్న అలాంటి మధ్యాహ్నం ఒక ఒమానీ అమ్మాయి తన తల్లి పాత మఖ్మల్ గౌను తెచ్చి, పొడవు తగ్గించమని ఇచ్చి వెళ్ళింది. ఆవిరి ఇస్త్రీపెట్టె దగ్గరికి తీసుకుపోగానే ఆ గుడ్డలో ఏళ్ళ తరబడి దాగిన లుబాన్ పొగ గుప్పుమంది. ఇక్కడి ఆడవాళ్ళు పండక్కీ పెళ్ళికీ బట్టలకు పట్టే సాంబ్రాణి అది. ఆ వాసనతోపాటు నా భుజం వెనక మస్తానక్క గొంతు కూడా లేచినట్టయింది. "తిప్పు మే. లోపలివైపుకు తిప్పు. పైనుంచి పెడితే నూగు చచ్చిపోతాది." నాకు తెలియకుండానే నా చేతులు గౌనును తిప్పేశాయి.

మస్తానక్క నా తోడబుట్టినది కాదు. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో నాకు పని నేర్పిన మనిషి. మాది కడప జిల్లాలో దూది ఏకే కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, నమాజు చేస్తాం. నేను బడి మెట్లు ఎక్కలేదు. మా నాన్న దూది పని అయ్యాక చేతులు కడుక్కుని, పలక మీద అక్షరాలు దిద్దించాడు. ఖురాను చదవడం మా అవ్వ నేర్పింది. ఇవాళ ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ ఇద్దరి చలవ. పెళ్ళయ్యాక, నీళ్ళ ట్యాంకరు నడిపే మా ఆయనతో, నడక రాని కూతురు నస్రీన్‌ను చంకనేసుకుని సలాలా వచ్చాను. మా రూము ఉన్న సందులోనే మస్తానక్క టైలరింగ్ దుకాణం. నల్లటి సన్నటి మనిషి, ముక్కుకు రాయి పుడక, ఎప్పుడు చూసినా మడత నలగని చీర. ఇంత ఉక్కలో కూడా ఆమె చీర కుచ్చిళ్ళు ఎవరో గీత గీసినట్టు ఉండేవి.

ఇక్కడి ఆడవాళ్ళ పండగ గౌను ముందు పొట్టిగా, వెనక నేల మీద జీరాడుతూ తోకలా ఉంటుంది. ఆ తోకను గుండ్రంగా కత్తిరించేటప్పుడు అంచుల్లో పీలికలు మిగులుతాయి. మిగతా దుకాణాల్లో అవి బుట్టలోకి పోయేవి. మస్తానక్క మాత్రం ప్రతి పీలికనూ సంచిలో వేసి, గౌనుతో పాటు గిరాకీ చేతికే ఇచ్చేది. "గుడ్డ వాళ్ళది, ముక్క గూడా వాళ్ళదే" అనేది. చాలామంది నవ్వి, నువ్వే ఉంచుకో అనేవాళ్ళు. అలా వాళ్ళు నోటితో అన్నాకే అవి మా బల్ల కిందికి వచ్చేవి. అట్లా వచ్చిన ఆకుపచ్చ మఖ్మల్ ముక్కలన్నీ ఏరి, ఒక పండక్కి నస్రీన్‌కు గౌను కుట్టాను. ముక్కల నూగు ఒకే వైపు తిరగకపోతే రంగు తేడా కొడుతుంది. మస్తానక్క పక్కన కూర్చుని ఒక్కో ముక్క నిమిరి చూపించింది. అతుకు పడిన ప్రతి చోటా జరీ పట్టీ ముక్క వేసి కప్పాం. తీరా చూస్తే అతుకులను కప్పిన ఆ పట్టీలే దాన్ని పెళ్ళివారి గౌనులా చేశాయి. నస్రీన్ దాన్ని ఒంటి మీదనుంచి తీయనిచ్చేది కాదు.

ఆ తర్వాతి రంజాన్ ముందర మా ఆయన ట్యాంకరు మీదినుంచి దిగుతూ జారి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కంపెనీ వాళ్ళు రూమ్ ఉండనిచ్చారు, డ్యూటీ ఎక్కేదాకా జీతం లేదన్నారు. నా కుట్టుకూలి మందులకే సరిపోయేది. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే అడుగు తగిలేది. అప్పుడు మస్తానక్క, "ఈసారి మామాకు నీ పేరు చెప్తా" అంది.

మామా అంటే మా దుకాణమున్న కట్టడం యజమానురాలు, పెద్ద వయసు ఒమానీ ఆవిడ. మేమంతా అలాగే పిలిచేవాళ్ళం. రంజాన్‌కు ముందు ఆవిడ బియ్యం, నూనె, పిండి, ఖర్జూరాలు నింపిన కార్టన్లు పంచేది. మా వాళ్ళలో ఎవరింట్లో పొయ్యి సరిగా వెలగడం లేదో మస్తానక్క నోటితో చెబితే చాలు, ఆవిడ కాగితాలు అడిగేది కాదు. ఆ రోజు ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉండేది. రూములోనే గాజులు, గొలుసులు తీసి దాచి, వెలిసిపోయిన బట్టలు కట్టుకుని బయలుదేరేవాళ్ళు. నేను కూడా అల్లాను తలచుకుని, నస్రీన్ ఆకుపచ్చ గౌను విప్పి, మోచేతి దగ్గర చిరిగిన పాతది తొడగబోయాను. మస్తానక్క కత్తెర పక్కన పెట్టింది.

"ఏంది మే, బిడ్డకు ఆ పీలిక తొడుగుతాండావు?"

"కార్టన్‌కు పోతాండాము కదక్కా."

"లేనిదానివని చెప్పినా కదా. అబద్ధం చెప్పినానా?"

"లేదక్కా, ఊరికే... చూసేవాళ్ళు..."

"చూసేవాళ్ళ కోసం వేషం ఎందుకు మే? నీకు నిజంగా లేదు. నిజానికి వేషం వేస్తే అది గూడా అబద్ధమైపోతాది. దినామూ ఏది తొడుగుతావో అదే తొడుగు."

ఆ తర్వాత, కుట్టు మిషన్ మీద చెయ్యి ఆనించి, తన సంగతి ఒకటి చెప్పింది. ఊళ్ళో ఉండగా, ఆమె భర్త రాళ్ళ క్వారీలో చనిపోయాక వితంతు పింఛను అడగడానికి ఆఫీసుకు వెళ్ళిందట. ఉన్న ఒక్క మంచి చీర ఉతికి, గంజి పెట్టి, పక్కింటి ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్ళింది. అక్కడి మనిషి కిందినుంచి పైదాకా చూసి, ఇస్త్రీ చీర కట్టేవాళ్ళకు పింఛను ఎందుకమ్మా అన్నాడట. ఇంటికొస్తే ఆమె చెల్లెలు, "మాసింది కట్టుకోని, తల విరబోసుకోని పో, ఇస్తారు" అంది. మొగుడు నిక్షేపంగా ఉండి, మామిడి తోట ఉన్న ఇంకొకావిడ అలాగే పోయి తెచ్చుకుంటోందని కూడా చెప్పింది.

"ఆమె మీద కోపం రాలేదా అక్కా?" అని అడిగాను.

"ఆమె మీద గాదు మే, ఆ ఇస్త్రీపెట్టె మీద వచ్చింది" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "మాసిన చీర కట్టుకోని పోతే పింఛను వచ్చేది. కానీ ఆ మాసిన చీర నా ఒంటి మీదనుంచి ఎప్పటికీ దిగేది గాదు. అందుకే పాస్‌పోర్టు తీసుకుంటి" అంది.

నస్రీన్‌కు మళ్ళీ ఆకుపచ్చ గౌనే తొడిగాను.

మామా ఇంటి వాకిలి నిండా ఆడవాళ్ళు. మా ముందర రహీమున్ అనే ఆమె నిలబడి ఉంది. దారిలో గాజులు తీసి చేతిసంచి అడుగున వేసుకోవడం నేను చూశాను. ఆమె భర్త సహం అనే ఊళ్ళో తోట పనిలో ఉండి నెలనెలా డబ్బు పంపేవాడు; ఆమె పేరు మామాకు చెప్పింది వేరేవాళ్ళెవరో. కార్టన్లు అందించడానికి సాయం వచ్చినావిడ షబానా మేడమ్. ఒక కంపెనీ అకౌంటెంటు భార్య, హైదరాబాద్ మనిషి. ఊళ్ళో సర్కారు ఉచితాలతో జనం సోమరిపోతులైపోయారని ఆవిడ తరచూ అనేది. "తెల్ల రేషన్‌కార్డు మాత్రం మా అత్త పేరు మీద అట్లనే ఉంది, అది వేరే సంగతి" అని కూడా తనే చెప్పి నవ్వేది. చెడ్డ మనిషేం కాదు. ఎండలో నిలబడి అందరికీ నీళ్ళు పోసిందీ ఆవిడే.

రహీమున్ కార్టన్ అందుకుని పక్కకు జరిగింది. నా వంతు వచ్చింది. షబానా మేడమ్ చూపు నస్రీన్ మీద ఆగింది.

"ఇదేంది? మఖ్మల్ గౌను, జరీ పట్టీలు! నా బిడ్డకు కూడా ఇసుంటిది లేదు. ఉచిత బియ్యానికి ఇట్ల తయారై వచ్చిన్రా?"

నస్రీన్‌ను నా వెనక్కి లాక్కున్నాను. ఆవిడ మామా వైపు తిరిగి అరబ్బీలో గబగబా ఏదో చెప్పింది. మామా నస్రీన్‌ను పిలిచి, గౌను అంచు వేళ్ళ మధ్య పట్టుకుని చూసింది. అసలైన మఖ్మల్ ఆవిడకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆవిడ ముఖం మూసుకుపోయింది. మస్తాన్ చెప్పిన పేర్లన్నీ ఆపండి, ఆమె మాట ఇక నేను నమ్మను అంది. నా వెనక ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. పని పోయినవాళ్ళు, జబ్బు పడినవాళ్ళు. ఒకామె చంటిబిడ్డను ఎత్తుకుని ఉంది. నా బిడ్డ గౌను వాళ్ళందరి పొయ్యి మీద నీళ్ళు పోసింది. నేలలోకి కుంగిపోతే బాగుండునని నిలబడ్డాను. ఈ మాట మోయలేను, నువ్వే మొయ్యి అని మనసులోనే అల్లాకు మొరపెట్టుకున్నాను.

ఎవరో పరిగెత్తి చెప్పినట్టున్నారు, దుకాణం నుంచి మస్తానక్క వచ్చింది. మెడలో టేపు కూడా తీయలేదు. ఎవరితోనూ వాదించలేదు. నస్రీన్ ముందు కూర్చుని, "బంగారూ, నీ గౌను లోపల ఎట్ల ఉంటాదో మామాకు చూపిద్దామా?" అని అడిగింది. నస్రీన్ తల ఊపింది. మస్తానక్క గౌను అంచు మెల్లగా ఎత్తి, లోపలివైపుకు తిప్పి, మామా ఒడిలో పరిచింది.

లోపల జరీ లేదు, మెరుపు లేదు. వేలంత ముక్క, అరచేయంత ముక్క, ఒకదానికొకటి పట్టుకుని నిలబడ్డ అతుకులు. మామా కళ్ళద్దాలు పెట్టుకుంది. ఒక ముక్క మీద వేలు పెట్టి ఆగింది. "ఇది నా కూతురి పెళ్ళి గౌను గుడ్డ."

"అవును మామా. సంచిలో వేసి ఇస్తే నువ్వే వద్దన్నావు" అంది మస్తానక్క తన వచ్చీరాని అరబ్బీలో.

మామా వేలు ఇంకో ముక్క మీదికి జరిగింది. ఇది పక్కింటి వాళ్ళది కదూ అంది. ఇది నా చెల్లెలిది, ఇది ఆ ఉపాధ్యాయురాలిది. వీధి వీధంతా ఆ చిన్న గౌను లోపల ఉంది. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. నస్రీన్‌ను దగ్గరికి లాక్కుని, మీ అమ్మ చేతులు చల్లగా ఉండాలి అంది. తర్వాత షబానా మేడమ్ వైపు చూసి, అందరికీ ఇవ్వమ్మా అని మామూలుగానే చెప్పింది. షబానా మేడమ్ నా కార్టన్‌ను తనే గేటు దాకా మోసుకొచ్చి, "ఏమనుకోకు అమ్మా, నేను పైననే చూసిన" అంది. నాకు ఆ మాట చాలు.

తిరిగి వస్తూ మస్తానక్కను నిలదీశాను. "రహీమున్ గాజులు సంచిలో ఉండాయి. నేను చూసినా, వాళ్ళాయన పంపుతాండాడని నీకూ తెలుసు. నా బిడ్డ గౌను తిప్పి చూపించినావు కానీ, ఆమె సంచి ఎందుకు చూపించలేదు?"

"చూపిస్తే మామా వచ్చే ఏడు అందరి సంచులూ వెతికిస్తాది. అప్పుడు నువ్వు గూడా సంచి చూపియ్యాల."

"అయితే తప్పు చేసినోళ్ళను వదిలేస్తామా?"

"ఎవరు వదిలేసినారు? దాని సంగతి నేను చూసుకుంటా, పో మే" అంది విసురుగా.

మర్నాడు రహీమున్ దుకాణానికి వచ్చింది. మస్తానక్క పిలిపించింది. నా ఎదుటే, గొంతు పెంచకుండా, "నువ్వు తీసుకున్న కార్టన్ ఇంకొకరి ఇంట్లో ఉడకాల్సిన అన్నం. తెలుసా?" అంది. రహీమున్ ముందు బుకాయించింది, తర్వాత ఏడ్చింది. ఆయన పంపేది ఏ నెల ఆగిపోతుందోనని భయం అక్కా అంది. మస్తానక్క స్టూలు ఆమె వైపు జరిపి, "ఆ కార్టన్ చంటిబిడ్డ తల్లికి ఇచ్చిరా. రేపటినుంచి గాజులు తొడుక్కోని ఇక్కడికి రా, పని నేర్పిస్తా. భయానికి పనే మందు" అంది. రహీమున్ కార్టన్ మోసుకెళ్ళి ఇచ్చింది. గాజులతోనే పనికి వచ్చింది. అందరి ముందూ చెప్పకుండా ఉండటం సరైనదేనా అని నాకు ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కానీ ఇవాళ నా దుకాణంలో కత్తెర పట్టేది రహీమునే. తోక కత్తిరింపులో ఆమెను మించినవాళ్ళు ఈ వీధిలో లేరు.

మా ఆయన కాలు కుదిరి డ్యూటీ ఎక్కాక, మరుసటి రంజాన్‌కు నేనే మామా దగ్గరికి వెళ్ళి, అల్లా దయవల్ల ఈసారి నాకు అవసరం లేదని చెప్పాను. ఆవిడ కహ్వా, ఇక్కడి కాఫీ, పోసి ఇచ్చింది. కార్టన్ తీసుకున్న రోజూ, వద్దన్న రోజూ నేను అదే మనిషిని. ఆ రెండు రోజులూ తల ఎత్తుకునే నడిచేలా చేసింది మస్తానక్క.

కంటిచూపు మందగించి ఆమె ఊరికి వెళ్ళిపోతూ దుకాణం నాకు అప్పగించింది. ఇప్పుడు ఫోనులో గొంతు రికార్డు చేసి పంపుతుంది. ఈమధ్య పింఛను ఇస్తామని ఆఫీసు వాళ్ళే ఇంటికి వచ్చి అడిగారట. "మర్యాదగా కూర్చోని అడిగినారు మే. మిషన్ తొక్కినన్ని దినాలు వద్దులే అన్నా. ఆఫీసు నుంచి వచ్చిన పిల్ల, అవ్వా, వద్దనేవాళ్ళను నిన్నే చూస్తాండా అని నవ్వింది. కళ్ళు పూర్తిగా పోతే నేనే అడుగుతా. అప్పుడు గూడా ఇస్త్రీ చీరే కట్టుకోని పోతా!"

మామా ఇప్పుడు మంచం దిగడం లేదు. పేర్లు నన్ను అడుగుతుంది. మొన్నటి రంజాన్ ముందు, పని పోయిందని ఒక అమ్మాయి వచ్చింది. గోళ్ళకు రంగు, చేతిలో ఖరీదైన ఫోను. రహీమున్ నా చెవి దగ్గరికి వచ్చి, "ఆ ఫోను చూసినావా?" అంది. చూశాను. ఆ అమ్మాయి రూముకు వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చాను. ఫోను సంగతి అడగలేదు. ఆమె పేరు మామాకు చెప్పాను. మోసపోయానో లేదో నాకు తెలియదు. మోసపోయి ఉంటే అది పైవాడికి తెలుస్తుంది. ఒక నిజమైన ఆకలిని గోళ్ళ రంగు చూసి తిప్పి పంపితే మాత్రం, అది నాకు తెలుస్తుంది.

నర్సింగ్ చదువుతున్న నస్రీన్ సెలవులకు వచ్చింది. నిన్న నా పెట్టెలోంచి ఆ ఆకుపచ్చ గౌను తీసి, మడతలు పడిపోయాయమ్మా అంటూ ఇస్త్రీపెట్టె దగ్గరికి తీసుకుపోయింది. చెప్పాలని నోరు తెరిచాను. అంతలోనే, ఎవరూ చెప్పకుండా, నస్రీన్ గౌనును లోపలివైపుకు తిప్పింది.