సంతకం పెట్టని ఇల్లు

ఫ్యాక్టరీల వ్యర్థాలు పారబోసిన చోటును ఆనుకుని ఉన్న ఊళ్లో, జనం ఆరోగ్యం మీద సర్వే చేసే పని నాకు ఇచ్చారు. పటాన్‌చెరుకు దగ్గరే. ఇంటింటికీ వెళ్లి బోరునీళ్లు సీసాలో పట్టుకోవాలి, ప్రశ్నలడిగి రాసుకోవాలి, చివర సంతకం తీసుకోవాలి.

ఒక ఇంట్లో పెద్దావిడ చేతులు చాపి చూపించింది. మోచేతుల దాకా చర్మం పగిలి ఉంది.

"గీ నీళ్లతోనే బాసన్లు తోముత, బట్టలు పిండుత. తాగేటందుకు మాత్రం డబ్బా కొంటం" అంది. రెండు బర్రెలకు నెలలు నిండకముందే దూడలు పడిపోయాయట.

అన్నీ రాసి కాగితం, పెన్ను ఆమెకు అందిస్తుండగా, డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చిన కొడుకు చూశాడు.

"సంతకం పెట్టకే అమ్మా" అని నా వైపు తిరిగాడు. "మేడం, నేను చేసేది గీ చెత్త పారబోసే కంపెనీలనే. అది బందైతే మేమేం తినాలె? మా నీళ్లు ఖరాబని కాగితమెక్కితే ఈ జాగ ఎవడు కొంటడు? అమ్మకుండ యాడికి పోతం?"

కోస్తా నుంచి వచ్చిన మా నాన్నదీ ఇక్కడి ఫ్యాక్టరీ ఉద్యోగమే. నేను చదువుకున్నది ఆ జీతంతోనే. మీ పేర్లు బయటికి రావని చెప్పాను. అతను నమ్మలేదు. పెద్దావిడ కాగితం, పెన్ను తిరిగిచ్చేసి, "ఏమనుకోకు బిడ్డా" అంది.

సంతకం లేని ఇంటిని రిపోర్టులో చేర్చకూడదు. బయటికొచ్చి ఆ కాగితాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కింటి తలుపు తట్టాను. అదే కంపెనీ యూనిఫాంలో ఉన్న మనిషి తలుపు తీశాడు.