మేక కారెక్కిన వీధి

మద్దిలేటికి కోపం ముక్కు మీదే ఉంటుందని కడప జిల్లాలో వాళ్ల ఊరంతా అనుకునేది. కువైట్ వచ్చి ఏళ్లు గడిచినా అది దిగలేదు. సాల్మియాలో ఒక ఐర్లండు టీచరమ్మ ఇంట్లో వంట చేసేవాడు. ఆమె పేరు డెర్వ్లా. వయసు మళ్లింది, పెళ్లి చేసుకోలేదు, కూరలో కారం ఎంత వేసినా కిక్కురుమనేది కాదు. అదొక్కటే ఆమెలో అతనికి నచ్చిన గుణం. నచ్చనిది, వేళాపాళా లేకుండా అడిగే ప్రశ్నలు.

ఆమెకు ఊళ్ల పేర్ల పిచ్చి. వాళ్ల దేశంలో వెయ్యేళ్ల కిందటి కవులు ప్రతి గుట్టకీ, ప్రతి రేవుకీ ఆ పేరు ఎందుకొచ్చిందో పద్యం కట్టారట. ఒక నదికి అందులో మునిగిపోయిన ఆడమనిషి పేరు, ఒక రేవుకి అక్కడ పశువుల కోసం కొట్లాడి చచ్చినవాడి పేరు. ఆ కథలన్నీ నోటికి రాకపోతే వాణ్ణి కవి అనేవాళ్లే కారట. బడి నుంచి రాగానే ఆమె ఆ పద్యాలు ముందేసుకుని కూర్చునేది.

"మద్దిలేటి అంటే ఏమిటి?" అని ఒకరోజు అడిగింది.

"మద్దిలేరు అని వంక ఉంది మేడం. ఆ ఒడ్డున దేవుడు మద్దిలేటి స్వామి. ఆ దేవుడి పేరు నాకు పెట్టినారు."

"మా దగ్గర మనిషి పేరు ఏటికి పెడతారు. మీ దగ్గర ఏటి పేరు మనిషికి పెట్టారన్నమాట!" అని ఆమె సంబరపడిపోయింది. "మీ ఊరి పేరు?"

"దూడలకనం. కొండల మధ్య దారిని కనం అంటాం. దొంగలు దూడల్ని తోలుకపోతాంటే మా చలమన్న ఆ దారికి అడ్డం నిలబడి సచ్చినాడు. ఆయన బొమ్మ చెక్కిన రాయుంది."

"ఎట్లా పుట్టాడు?"

"సచ్చింది తెలుసు మేడం. పుట్టింది మా అక్కకే తెలుసు."

"పుట్టుక తెలియకపోతే వీరుడి కథ సగమే," అని ఆమె నొచ్చుకుంది. కుక్కర్ కూత పెడుతోంది, మద్దిలేటి విసుక్కుంటూ వంటింట్లోకి పోయాడు.

అతని అక్క పేరు పెద్దక్క. రుమైతియాలో బూ జాసిం అనే కువైటీ ఇంట్లో పని. రెండు పేటలూ పక్కపక్కనే అయినా మద్దిలేటి ఆ ఇంటి గడప చూసింది లేదు. పనిమనిషి కోసం మగవాడు గేటు దగ్గరికి రావడం వాళ్లకు గిట్టదు. శుక్రవారం ఇంటివాళ్లు బజారుకొస్తే ఆమె కూడా వచ్చేది, అక్కడే కలుసుకునేవాళ్లు. ఆమె నోరు విప్పితే కథలే. చదువు రాదు కాబట్టి ఆ పేటలో ప్రతి వీధికీ తనే పేరు పెట్టుకుంది. గాజులు పగిలిన మూల, ఏడ్చిన డ్రైవరు గోడ, మేక కారెక్కిన వీధి. మద్దిలేటి సగం వినేవాడు, సగం వినేవాడు కాదు.

ఆగస్టులో ఇరాకు సైన్యం వచ్చి పడింది. సెలవులకు మూసిన బడి మళ్లీ తెరుచుకోలేదు. తెల్లవాళ్లను పట్టుకుపోతున్నారని తెలిసి డెర్వ్లా పరదాలు దించుకుని లోపలి గదిలో దాక్కుంది. రొట్టె కోసం వరసలో నిలబడటం, నీళ్లు పట్టడం, ఎవరైనా తలుపు కొడితే ఇంట్లో ఎవరూ లేరని చెప్పడం, అన్నీ మద్దిలేటికే చుట్టుకున్నాయి. ఇంతలో రాయచోటి హుస్సేన్ పీరా వచ్చాడు. బేకరీలో పనిచేసే మనిషి, వరసకు బావా అని పిలుచుకుంటారు.

"ఏం బావా, ఇంకా గరిటె తిప్పుతాండావా? మనోళ్లకు బాగ్దాద్ మీద అమ్మాన్‌కు బస్సు పోతాంది. ఆడి నుంచి ఇమానం. నీకూ అక్కకూ సీటు చెప్పినా. ఎల్లుండి పొద్దున. పోయి అక్కను పిల్చుకొని రా."

ఇంత సులువా అనుకున్నాడు మద్దిలేటి. ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తేవాళ్లు లేరు. సరేనని ఎండలో నడుచుకుంటూ రుమైతియా పోయాడు. పోయి చూస్తే వీధి పేర్ల బోర్డులు ఒక్కటీ లేవు. స్తంభాలున్నాయి, పలకలు లేవు. గోడల మీద ఇంటి నంబర్లు పెరికేసి సిమెంటు మచ్చలు మిగిల్చారు. సైనికులు మనుషుల్ని వెతుక్కుంటూ వస్తే ఇల్లు దొరకకూడదని పేటవాళ్లే పీకేశారు. వాళ్ల తెలివి వాళ్లకుంది. మధ్యలో మద్దిలేటి గతేం కావాలి?

"బూ జాసిం ఇల్లు యాడ?" అని తనకు వచ్చిన అరబ్బీలో ఒకణ్ణి అడిగాడు.

"తెలియదు."

"ఇది ఏ వీధి?"

"తెలియదు."

తన గేటుకు తాళం వేసుకుంటున్నవాడికి తన వీధి తెలియదట! ఇంకో ఇంటి ముందు అడిగితే ఒక ముసలాయన చొక్కా పట్టుకున్నాడు. "ఎవరు పంపారు నిన్ను? సైన్యమా? ఎంతిస్తామన్నారు?"

"నన్నెవురూ పంపలేదు బాబా, మా అక్క..."

"ఇక్కడ అన్నీ బూ జాసిం ఇళ్లే. ఏదంటే అది కొట్టు. పో!"

వేరొకడు మర్యాదగా దారి చూపించాడు. ఆ దారి నేరుగా ఇరాకు సైనికులు దిగిన బడి దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ కాపలావాడు తుపాకీ ఎత్తి గంటసేపు ఎండలో కూర్చోబెట్టి, జేబులో సిగరెట్లు తీసుకుని తరిమేశాడు. మద్దిలేటి ఇంటికొచ్చి గిన్నె నేలకేసి కొట్టాడు.

"పేరు పెరికేసుకున్న ఊరు ఇది! మనిషిని మనిషి నమ్మడు. అడిగితే దొంగ అంటారు, అడగకపోతే అక్క దొరకదు. ఇంగేం సేయాల నేను?"

డెర్వ్లా తలుపు వారగా నిలబడి అంతా విన్నది. "నువ్వు పేరు అడిగావు, అందుకే భయపడ్డారు. పేరు గూఢచారి కూడా అడుగుతాడు. అక్కడేం జరిగిందో అడుగు. అది ఆ చోటివాళ్లకే తెలుస్తుంది."

"మీ పద్యాలు ఇప్పుడొద్దు మేడం," అన్నాడు మొహం మీదే. ఆమె ఏమీ అనుకోలేదు. "ఆ పేట గురించి మీ అక్క చెప్పినవి ఏమైనా గుర్తున్నాయా?" అంది.

చెబుతున్నప్పుడు విన్నదెక్కడ! నెత్తి బాదుకుని బాదుకుని చివరికి ఒకటి గుర్తు తెచ్చుకున్నాడు.

మరునాడు పొద్దున మళ్లీ పోయాడు. సగం షట్టరు దించిన కిరాణా కొట్టు ముందు నల్ల అబాయా ముసుగుల్లో ఆడవాళ్లు రొట్టెల కోసం నిలబడి ఉన్నారు. మద్దిలేటి సిగ్గు విడిచి వాళ్ల ముందు నిలబడ్డాడు. పండక్కి కొయ్యడానికి తెచ్చిన మేక తాడు తెంపుకుని, ఇంటాయన కొడుకు కొత్త కారు పైకెక్కి కూర్చుందని, ఎవరు పిలిచినా దిగలేదని, వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు. మాట దొరకని చోట మే అన్నాడు. చేతులతో కొమ్ములు పెట్టాడు. తన మీద తనకే అసహ్యమేసింది. ఊరు మండిపోతుంటే నడివీధిలో మేకలాగా అరుస్తున్నాడు.

ఎవరూ నవ్వలేదు. తల తిప్పుకున్నారు. ఇదీ పాయె అనుకుని వెనుదిరిగాడు. అప్పుడు ఒకామె వెనక నుంచి మెల్లగా అడిగింది.

"ఆ మేక ఎలా దిగింది?"

"ఇంట్లో పనిచేసే ఇండియా ఆమె టీకి తెచ్చిన పుదీనా కట్ట చూపిచ్చింది. దిగింది. ఆమె మా అక్క."

ఆమె రొట్టెలు చంకన పెట్టుకుని ముందు నడిచింది. మద్దిలేటి దూరంగా వెనక నడిచాడు. మూడో మలుపులో ఒక గేటును చేత్తో తాకి, ఆగకుండా, తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

తలుపు సందులోంచి చూసి పెద్దక్క తమ్ముణ్ణి లోపలికి లాక్కుంది. కౌగిలించుకుని ఏడుస్తుందనుకున్నాడు. "కాళ్లు కడుక్కోని రా, ముసలామెకు దుమ్ము పడదు," అంది.

"ఫోను ఎందుకెత్తవు?"

"ఎత్తొద్దని పక్కింటోళ్లు చెప్పినారు."

"సరే, మూటలు సర్దుకో. రేపు పొద్దున బస్సు."

"నేను రాను రా."

పెద్దక్క సంగతి చెప్పింది. ఇంటివాళ్లందరూ ఎండాకాలం సెలవులకు పై దేశం పోయారు, అక్కడే చిక్కుకుపోయారు. డ్రైవరు పారిపోయాడు. లోపల మంచం మీద బూ జాసిం తల్లి, కాళ్లు పడిపోయిన ముసలమ్మ. ఆమెకు పెద్దక్క తప్ప దిక్కులేదు.

"వాళ్లమ్మను వాళ్లు చూసుకోవాల. నీకేం పట్టింది?"

"వాళ్లు లేరు కదరా."

"నీకు బిడ్డలున్నారు ఊర్లో!"

"ఉండారు. వాళ్లకు మా అత్త ఉంది. ఈమెకెవురున్నారు?"

అరిచాడు. బతిమాలాడు. ఎండలో తిరిగింది, తుపాకీ ముందు కూర్చున్నది, మేకలాగా అరిచింది అన్నీ ఏకరువు పెట్టాడు. పెద్దక్క మేక దగ్గర మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అది చూసి ఒళ్లు మండిపోయింది అతనికి. లోపల్నుంచి ముసలమ్మ పిలిచింది. పెద్దక్క గంజి గిన్నె తీసుకుపోయి పక్కన కూర్చుని, గరిటెకొక మాట చొప్పున ఏదో చెబుతూ తాగించసాగింది. మద్దిలేటి చెవి పెట్టి విన్నాడు. చలమన్న పుట్టుక!

కరువు కాలంలో పిల్లల్లేని ఒక ఆడమనిషి, తన చివరి ముంతెడు నీళ్లు దప్పికతో పడిపోయిన ఆవుకు పోసిందట. ఆవు లేచి ఆమె కడుపు నాకిందట. ఆ ఏడే పిల్లాడు పుట్టాడు, పుట్టేసరికే పెదాల మీద పాల నురగ. అందుకే ఆవుల జోలికి వస్తే వాడు ఊరుకునేవాడు కాదట. ముసలమ్మ కళ్లు మూసుకుని వింటూ, కథ ఆగితే నోరు మూసేసేది.

"దేశం తగలబడతాంటే ఇదా నువ్వు సేసేది?" అన్నాడు మద్దిలేటి.

"చెప్పకపోతే తాగదు రా."

సాయంత్రానికి సాల్మియా చేరాడు. కనీసం ఆ టీచరమ్మకైనా కథ మిగతా సగం చెబుదామనుకుంటే ఫ్లాటుకు తాళం. ఆడవాళ్లను దేశం దాటనిస్తామని కబురు రావడంతో ఎవరో కారు తెచ్చి ఆమెను తీసుకుపోయారని భవనం కాపలావాడు చెప్పాడు.

"నాకేమైనా చెప్పమనిందా?"

"ఏదో చెప్పింది. ఎవరో పిల్లాడు పుట్టాడట, ఎట్లా పుట్టాడో తెలియలేదట. మీ ఇంట్లోనా?"

మద్దిలేటి మెట్ల మీద కూలబడ్డాడు.

పొద్దున బస్సు దగ్గర హుస్సేన్ పీరా తిట్టాడు. "ఆమెకు బుద్ధి లేకపాయె, నీకేమైంది బావా? ఎక్కు!" మద్దిలేటి ఒక కాలు మెట్టు మీద పెట్టాడు కూడా. అక్కను వదిలేసి ఊర్లో దిగితే అమ్మ ముఖం ఎట్లా చూడాలో తోచలేదు. కాలు తీసేశాడు. బస్సు కదిలింది. ఆ వెళ్లే బస్సునూ, అక్కనూ, మంచం మీది ముసలమ్మనూ అందరినీ కలిపి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ రుమైతియాకు నడిచాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో అతను వంట, ఆమె సేవ. పోట్లాడుకోని రోజు లేదు. చలి మొదలవుతుండగా ముసలమ్మ మేనల్లుడు వచ్చి ఆమెను ఎడారిలో కబ్ద్ దగ్గర తన తోటకు తీసుకుపోతానన్నాడు. "హమ్మయ్య, ఖలాస్," అన్నాడు మద్దిలేటి. అక్క కూడా ఈసారి సరేనంది. ఇద్దరూ మూటలు కట్టుకుని మనవాళ్ల దగ్గర విమానం సంగతి కనుక్కోబోతే, ఇండియా విమానాలు అయిపోయాయి, ఆఖరిది పోయి కొద్దిరోజులైంది.

మద్దిలేటి అక్క వైపు చూశాడు. కట్టిన మూటను ఒక్క తన్ను తన్నాడు.

చేసేదిలేక ఇద్దరూ ముసలమ్మతోనే కబ్ద్ పోయారు. చలికాలమంతా గొర్రెల పాలు, బార్లీ రొట్టె. గొర్రెలు తన్నితే తిట్టేవాడు, తన్నకపోయినా తిట్టేవాడు. ఇరాకు వాళ్లు పోయేటప్పుడు చమురు బావులు అంటించారు. పట్టపగలు దీపం పెట్టుకోవాల్సి వచ్చింది. తెల్లగొర్రెలన్నీ నల్లబడ్డాయి.

దారులు తెరుచుకున్నాక మద్దిలేటి ఊరికొచ్చి రాయచోటి రోడ్డులో హోటలు పెట్టుకున్నాడు. మళ్లీ కువైట్ పోలేదు. పెద్దక్క అతనితో రానే లేదు. ముసలమ్మ కన్నుమూసేదాకా అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత కడప స్టేషన్లో దిగితే తమ్ముడే ఎదురుపోయాడు.

"మీ అక్క ధర్మాత్మురాలు," అన్నాడు అక్కడున్న ఊరివాడొకడు.

"ఆ ధర్మం నీ నెత్తిన పడింటే తెలిసేది," అని మద్దిలేటి వాడి మీదికి లేచాడు. పెద్దక్క ఆ గొడవ పట్టించుకోకుండా పెట్టె తమ్ముడి భుజానికెత్తి, "బరువుంది, నిదానంగా నడువు," అని ముందుకు సాగింది.