నాలుగో రీలు, ఏడో రీలు

పాత సినిమాలను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లను చూస్తే పోశాలుకు ఒళ్లుమంట. డోర్నకల్‌లో మూతబడిన టాకీసులో ఇరవై ఆరేళ్లు ఆపరేటరుగా చేసినవాడతను. రెండు స్టీలు పళ్లేలు బోర్లించి దారం కట్టి ఊపితే అది అంతరిక్ష నౌక. ఒంటికి వెండి రంగు పూసుకున్నవాడు వేరే గ్రహం నుంచి దిగిన పిశాచి. వాణ్ణి చూసి వణికిన జనమే ఇప్పుడు తలలు నెరిసి, ఫోన్లలో గుంపు కట్టి, ఆ రోజులే వేరని ఒకరి వీపు ఒకరు నిమురుకుంటున్నారు.

ఆ గుంపుకు పెద్ద యుగేందర్ అనే బడిపంతులు. ఒకరోజు పోశాలు ఇంటికి వచ్చాడు.

“పోశాలన్నా, కంపెనీవోళ్లు మర్చిపోయిన గా పిశాచి సినిమా రీళ్ల పెట్టె నీ కాడనే ఉన్నదట. ఒక్క ఆట ఆడియ్యరాదే. సచ్చిన సైంటిస్టు మల్ల లేచి చాయ్ తాగుతడు సూడు, అబ్బ! గసొంటి బుర్ర ఇప్పుడెవనికున్నది?”

ఆ బుర్ర ఎవరిదో పోశాలుకు తెలుసు. ముప్పై ఏళ్ల కింద రీళ్ల డబ్బాలు తుడిచి, పొరపాటున నాలుగో రీలు మూత ఏడోదానికి, ఏడోదాని మూత నాలుగోదానికి పెట్టాడు. మూత మీది అంకె చూసి రీలు ఎక్కించడమే తప్ప తెర వైపు చూసే అలవాటు లేదు. సైంటిస్టు ముందు చచ్చి, తర్వాత చాయ్ తాగాడు. జనం ఈలలు వేశారు. మూడో రోజు ఫిలిం మీది అంకె చూసి, తప్పు తెలిసి సరిచేయబోతే యజమాని లస్మయ్య అడ్డం పడ్డాడు.

“ఉండనియ్‌రా. హాలు నిండుతున్నది. ఈళ్లకేం ఎరుక?”

అప్పటి నుంచి ఆ రెండు అంకెలు అతని నిద్రలో రెండు కళ్లలా తెరుచుకునే ఉన్నాయి. ఒక్కసారైనా వరుసగా ఆడించాలి. అందుకే ఒప్పుకున్నాడు.

టాకీసు ఇప్పుడు ఎరువుల గోదాము. తెర, పై గదిలో మిషన్ మాత్రం అలాగే ఉన్నాయి. ఆదివారం పొద్దున బస్తాల మధ్య నలభై మంది కుర్చీలు వేసుకున్నారు. వెలుతురు దారిలో దుమ్ము పుప్పొడిలా లేచింది. సైంటిస్టు నాలుగో రీలులో చాయ్ తాగాడు, ఏడో రీలులో చచ్చాడు. చచ్చి, బుద్ధిగా చచ్చే ఉన్నాడు.

కింద గోల లేచింది. “ఓ పోశాలన్నా! రీళ్లు ఎనకముందు ఎక్కించినవ్! కండ్లు కానొస్తలెవ్వా?”

పోశాలు గది కిటికీలోంచి తల బయటపెట్టాడు. “గిప్పుడే సక్కగున్నది. అప్పుడు నేనే తప్పు పెట్టిన. సచ్చినోన్ని లేపింది నేనే.”

యుగేందర్ ముఖం మాడింది. “మా చిన్నతనం ఖరాబ్ చెయ్యకన్నా. పదకొండు సార్లు చూసిన నేను. ఆపి మల్ల ఎయ్యి, మేం చూసినట్టే.”

“పదకొండు సార్లు చూసినవ్, ఒక్కసారన్న సమజైందా?”

కుర్చీలు కిర్రుమన్నాయి. తిట్టుకుంటూ ఒక్కొక్కరే బయటికి నడిచారు. పోశాలు మిషన్ ఆపలేదు. చివరి రీలు ఎక్కించి, కిటికీ దగ్గరికి స్టూలు జరుపుకుని, మొదటిసారి ఆ సినిమా చూశాడు. ఎంత చెత్త! వరుసగా చూస్తే ఇంకా చెత్త. ఛీ అనుకుంటూనే కళ్లు తిప్పలేదు.

యుగేందర్ గోదాము తలుపు తెరిచి నిలబడ్డాడు. “ఎవ్వల్లేరు గదనే. ఇంక బంద్ చెయ్యి.”

“తలుపు మూయి,” అన్నాడు పోశాలు. “తెర మీద ఎండ పడుతున్నది.”