రెండో తల

మా ఆఫీసులో ఎవరో జున్ను తెచ్చారు. డబ్బా మూత తీయగానే యాలకుల వాసన, దాని వెనకే ముర్రుపాల పచ్చివాసన. అందరూ చెంచాలతో ఎగబడుతుంటే నేను కుర్చీ వెనక్కి జరిపాను. నాకు జున్ను పడదనుకున్నారు, అనుకోనిచ్చాను. వీడియో గేముల్లో వింత జంతువులకు రూపం దిద్దడం నా ఉద్యోగం. ఎదురుగా కంప్యూటర్ తెర మీద నేను గీసిన గండభేరుండం రెండు తలలూ ఎత్తి నిలబడి ఉంది. ఆ వాసనా ఆ తలలూ ఒకేసారి ఎదురయ్యేసరికి విమల మేడం గుర్తొచ్చారు.

ఇబ్రహీంపట్నంలో ఇంటర్ చదివేటప్పుడు ఆవిడ మాకు జువాలజీ చెప్పేవారు. మాది కోస్తా నుంచి వచ్చి తుర్కయాంజాల్‌లో స్థిరపడిన కుటుంబం. రోజూ సాగర్ రోడ్డు మీద షేర్ ఆటోలో ఇరుక్కుని కాలేజీకి వెళ్లేదాన్ని, పాఠం వింటూ పుస్తకం అంచుల్లో భూతాల బొమ్మలు గీసేదాన్ని. ఒకరోజు దొరికిపోయాను. మేడం తిట్టలేదు. నా ఎనిమిది కాళ్ల సింహాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది. గని ఇన్ని కాళ్లకు నడుములెన్ని పెట్టినవ్?" అని అడిగారు. అప్పట్నుంచీ నా భూతాలకు ఎముకలు మొలిచాయి.

ఒక మధ్యాహ్నం, కాలేజీ వెనక మేకలు పెంచుకునే మల్లయ్య గోనెసంచితో మా ల్యాబుకి వచ్చాడు. అందులో ఆ ఉదయమే పుట్టిన మేకపిల్ల ఉంది. దానికి తలలు రెండు. ఇంట్లోవాళ్లు దడుసుకుని రెండు నుదుళ్లకూ పసుపు పెట్టారట, అరిష్టమంటూ అప్పుడే గుంట తవ్వుతున్నారట.

"ఊపిరాడుతున్నదాన్ని ఎట్ల పాతిపెడ్తవ్ మల్లన్నా?" అని మేడం సంచి అందుకున్నారు.

దాని ఛాతీలో గురగుర వినిపిస్తోంది. ఒకదానికి పట్టి ఇంకోదాని కడుపు మాడ్చడం పాపమని, పొద్దున రెండు నోళ్లకూ ఒకేసారి ముర్రుపాలు పట్టారట. మేడం మెడలు తడిమి చూశారు. పైన మెడలు రెండే గానీ, కింద ఆహారనాళం ఒక్కటే. పాపభీతితో పట్టిన పాలే అందులో పట్టక ఊపిరితిత్తుల్లోకి దిగాయి. ఫోన్ చేస్తే పశువుల డాక్టరు సాయంత్రానికి వస్తానన్నాడు. అందాకా దాన్ని బతికించుకోవాలి.

మేడం ఒక నోటికే చుక్కచుక్కగా పాలు పట్టారు. రెండో నోరు ఉత్తగాలిని చప్పరించింది. తర్వాత పాలు తాగిన తల నిద్రపోయింది, రెండోది మేలుకునే ఉంది. నేను ఎటు జరిగితే అటు చూసింది. సీసాల్లోని పాముల మధ్య హాయిగా అన్నం తినేదాన్ని నేను, ఆ చూపుకు మాత్రం భయపడి గుమ్మం దాకా వెనక్కి నడిచాను.

"గుళ్లల్ల గండభేరుండాన్ని చెక్కినోడు గూడ ఏదో కొట్టంల గిసుంటిదాన్నే చూసుంటడు," అన్నారు మేడం. "భయపడి, ఆ భయానికి రెక్కలు పెట్టిండు. నువ్వు జర దాని మొఖం చూడు. బొమ్మ తర్వాత గీద్దువు."

చూశాను. దానికి ఆకలిగా ఉంది, అంతే. నా భయం పోలేదు గానీ, ఆ భయం పక్కనే ఏడుపొచ్చింది.

డాక్టరు ఇంకా రాలేదు. నిద్రపోయిన తల మళ్లీ లేవలేదు. రెండోది దాన్ని వాసన చూసింది, మూతితో పొడిచి లేపబోయింది, సన్నగా అరిచింది. అరుపుకీ అరుపుకీ మధ్య మా వైపు చూసింది. మేడం తన అరచేతిని దాని కళ్లకు అడ్డం పెట్టారు. "ఇది చూడొద్దు బిడ్డా," అన్నారు, నాతోనో దానితోనో. డాక్టరు వచ్చేసరికి పిల్ల చల్లబడింది. మేడం మాత్రం చెయ్యి తీయలేదు.

ఆవిడ పోయి కొన్నేళ్లయింది. ఇప్పటికీ బెంగగానే ఉంటుంది.

నా గండభేరుండంలో ఒక తల వాలాక రెండోది కాసేపు బతికే ఉంటుంది. ఆ కాసేపూ ఆటగాడి కత్తి పనిచేయదు, చెయ్యి మాత్రం కదులుతుంది. ఆటకు అడ్డమని మావాళ్లు సణిగారు, నేను మొండికేశాను. జున్ను తెచ్చిన రోజు మధ్యాహ్నమే గేమును పరీక్షించే అమ్మాయి నన్ను పిలిచింది.

"అక్కా, ఏం నొక్కినా కత్తి లేస్తలేదు. అది నన్నే చూస్తున్నది."

ఆమె కుర్చీని తెర దగ్గరికి జరుపుకుంది. తర్వాత కత్తి కింద పెట్టించి, తన వీరుడి చేతిని మెల్లగా ఆ కళ్ల మీదికి చాపింది.